మను దారి: కొండ దిగుతూ పిట్టల్ని వినడం

అందరికీ నమస్కారం.

దక్షిణ అమెరికా వర్షారణ్యాల్లో టూర్ కంపెనీ సాయం లేకుండా సొంతంగా తిరిగి పిట్టల్ని చూడటం గురించి మాట్లాడమన్నారు. ఖండం చాలా పెద్దది. ఉన్న గంటలో దాన్నంతా చుట్టబెట్టే బదులు ఒక్క దారి పట్టుకుని చెబుతాను. పెరూలో కుస్కో ఊరి నుంచి అండీస్ కొండలు దాటి అమెజాన్ పల్లంలోకి దిగే రోడ్డు అది. పిట్టలు చూసేవాళ్ళు, ఏ దేశం వాళ్ళైనా, దాన్ని ‘మను రోడ్’ అంటారు. సొంతంగా వెళ్తే డబ్బు మిగులుతుందన్న మాట నిజమే. నాకు మాత్రం అంతకంటే ముఖ్యమైన లాభం ఇంకొకటి కనిపించింది. ఒకే మలుపు దగ్గర పూట పూటంతా నిలబడినా పోదాం పదండని తొందరపెట్టేవాళ్ళు ఉండరు. ఆ అడవి అలా నిలబడ్డవాళ్ళకే కనిపిస్తుంది. ఇవాళ నా మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఆ దారి సంగతి. కుస్కో సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పౌకర్తాంబో అనే పాత ఊరి మీదుగా అక్హనాకో కనుమ దాకా గడ్డి కొండలు, బంగాళాదుంప చేలు. కనుమ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అది దాటామంటే లోకం మారిపోతుంది. అమెజాన్ మీది నుంచి వచ్చే తేమగాలి తూర్పు వాలుకు తగిలి పైకి లేచి, చల్లబడి, మబ్బవుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ మబ్బులోనే చెట్లు మునిగి ఉంటాయి. కొమ్మ కనబడకుండా నాచు, నాచు మీద ఫెర్న్‌లు, ఆర్కిడ్లు. రోడ్డు మెలికలు తిరుగుతూ వైకేచా దగ్గరికి వచ్చేసరికి 2,900, సాన్ పెద్రో దగ్గర 1,400, పిల్కోపాతా దగ్గర 650, చివరికి అతలాయా రేవు దగ్గర సుమారు 500 మీటర్లకు దిగిపోతుంది. ఒకప్పుడు ఇది ఎంత ఇరుకంటే, ఒక రోజు దిగే బళ్ళు, మర్నాడు ఎక్కే బళ్ళు అని వంతులు పెట్టేవారు.

పక్కనే మను జాతీయ వనం. 1973లో ఏర్పడింది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన దేశం మొత్తంలో ఇప్పటిదాకా నమోదైన పక్షి జాతులు 1,300 పైచిలుకు. మను ఒక్కదానిలోనే వెయ్యి దాటాయి. దీనికి పెద్ద కారణం ఎత్తు. ఆ కొండ మీద చాలా పిట్టలకు ఎవరి పట్టీ వాళ్ళకుంది. బూడిదరంగు రొమ్ముతో ఉండే కొండ టూకాన్ అనే పెద్ద ముక్కు పిట్ట వైకేచా చుట్టుపక్కల హాయిగా కనిపిస్తుంది, సాన్ పెద్రోకి దిగదు. పల్లంలో ఉండే మకావ్ అనే పెద్ద చిలుకల జాతులు పైకి రావు. కారులో కూర్చుని దిగితే ఈ పట్టీలన్నీ ఒక్క పగటిలో దాటేస్తాం. కాలినడకన రెండు మూడు కిలోమీటర్లు దిగి చూడండి, పొద్దున విన్న కూతలు ఒక్కొక్కటే తగ్గిపోయి కొత్తవి మొదలవడం మీ చెవికే తెలుస్తుంది.

సొంతంగా వెళ్ళడమంటే ఎక్కడికైనా వెళ్ళొచ్చని కాదు. మను నది లోపలి భాగానికి అనుమతి ఉన్న సంస్థల ద్వారా, గైడు తోడుతోనే పంపుతారు. అది మంచి నియమమే. ఎందుకో తరవాత చెబుతాను. కానీ రోడ్డు అందరిదీ. కుస్కో నుంచి పిల్కోపాతాకి బస్సులున్నాయి, చిన్న వ్యాన్లున్నాయి. చెప్పిన చోట దింపుతారు. మధ్యలో వైకేచాలో పరిశోధన కేంద్రం ఉంది, సాన్ పెద్రోలో బసలున్నాయి, పిల్కోపాతాలో హోటళ్ళున్నాయి. ముందుగా మాట్లాడుకుని, ఒక్కో ఎత్తులో కొన్ని రోజులు మకాం వేసి, పొద్దున్నే రోడ్డెక్కి నడవడం. యాత్ర అంటే ఇంతే. బళ్ళు తక్కువ కాబట్టి ఆ రోడ్డే మంచి కాలిబాట. అడవి లోపల ముక్కు ముందున్నది తప్ప కనపడదు. రోడ్డు అంచున నిలబడితే లోయలోని చెట్ల తలలు మన కళ్ళ ఎత్తులో ఉంటాయి. మెడ నొప్పి లేకుండా పైకొమ్మల పిట్టల్ని చూసే వీలు వర్షారణ్యంలో చాలా అరుదు.

సామాను గురించి అడుగుతారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. 8×42 బైనాక్యులర్స్ చాలు, అంటే ఎనిమిది రెట్లు పెంచి చూపేవి, ముందు కటకం 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేవి. చీకటి అడవిలో పెద్ద జూమ్ కంటే వెలుతురు ముఖ్యం. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు అక్కడి బజార్లోనే దొరుకుతాయి. కటకాలకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు పెట్టుకోండి. మే నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. ఆ నెలల్లోనే అప్పుడప్పుడు దక్షిణం నుంచి చలిగాలి విసురుతుంది. అక్కడివాళ్ళు ‘ఫ్రియాహె’ అంటారు. ముందురోజు చెమటలు కారిన చోట మర్నాడు స్వెట్టర్ కావాలి, పిట్టలు కూడా నోరు మెదపవు. కాబట్టి ఒకటి రెండు ఖాళీ రోజులు చేతిలో ఉంచుకోండి. కుస్కోలో దిగిన వెంటనే పరుగులు పెట్టకుండా ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడనివ్వండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరిగా వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కి పంపొచ్చు. టీకా వేసుకున్న 10 రోజులకి గాని అది చెల్లదు. ఒక్కసారి వేయించుకుంటే మాత్రం జీవితాంతం పనిచేస్తుంది.

ఇప్పుడు పిట్టల దగ్గరికి వద్దాం.

మొదటిసారి వర్షారణ్యానికి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా నిరాశపడే విషయం ఒకటుంది. వెయ్యి జాతులున్నాయని విని వెళ్తారు. గంటసేపు నడిచినా ఒక్క రెక్క కదలదు. ఆకుల మీంచి నీళ్ళు కారే చప్పుడు, ఎక్కడో ఏదో కీచుమనడం, అంతే. చాలామంది ఇక్కడ ఏమీ లేవనుకుని ఇంకో చోటికి బయల్దేరతారు. ఆ పని చేయకండి. ఆ అడవిలో పురుగులు తినే పిట్టల్లో చాలావరకు కలగలుపు గుంపులుగా తిరుగుతాయి. గుంపు వచ్చేదాకా ఏమీ ఉండదు. వచ్చిందంటే ఎటు చూడాలో తెలియదు.

సాన్ పెద్రో పైన ఒక వాగు మలుపు ఉంది. నేను ఎక్కువగా నిలబడ్డది అక్కడే. ముందు సన్నగా, గాజు మీద గాజు తగిలినట్టు టిక్ టిక్ మని ఒక చప్పుడు. ఆ తరవాత నాచు కదులుతుంది. టానజర్ అనే చిన్న రంగుల పిట్ట ఒకటి కొమ్మ కింది వైపుకి తలకిందులుగా వంగి, నాచు పొరను ముక్కుతో ఎత్తి, లోపల తొంగి చూసి, ఏమీ లేకపోతే మళ్ళీ దించేస్తుంది. దాని పక్కనే బెరడు పట్టుకుని పాకే ఒక గోధుమరంగు పిట్ట ఎండుటాకు చుట్టల్లోకి తల మొత్తం దూర్చి వెతుకుతుంది. పైకొమ్మన పసుపూ నలుపూ, ఆకుపచ్చా బంగారం, నీలం మెడలు. ఒక్కో జాతి వెతికే చోటు వేరు. ఒకటి నాచులో, ఒకటి ఎండుటాకుల్లో, ఒకటి కొమ్మ కొసన, ఒకటి గాల్లో ఎగిరే పురుగుల మీద. అందుకే ఒకదాని తిండికి ఒకటి అడ్డం రాకుండా అన్నీ కలిసి వెళ్ళగలుగుతాయి. కాసేపట్లో గుంపు లోయలోకి దిగిపోయింది. మళ్ళీ నీటిచుక్కల చప్పుడే మిగిలింది. పేర్లు రాసుకోగలిగినవి కొన్నే. అక్కడే ఉంటే అదే గుంపు మధ్యాహ్నం మళ్ళీ అదే వాలు మీదకు వచ్చింది. రెండోసారి ఇంకొన్ని రాసుకున్నాను. వాహనంలో సాగిపోయేవాళ్ళకు ఈ రెండోసారి అన్నది ఉండదు.

ఈ గుంపుల గురించి ఎంతో కొత్త విషయం బయటపడింది మను లోపలే, కోచా కాషు అనే పరిశోధన కేంద్రంలో. చార్లెస్ మన్, జాన్ టెర్బర్గ్ అనే శాస్త్రవేత్తలు పల్లపు అడవిలోని గుంపుల వెంట తిరిగి 1979లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ గుంపుల్లో ఒక్కో జాతి నుంచి ఒక జంటో, ఒక కుటుంబమో ఉంటుంది. అన్ని జాతులకూ కలిపి ఒకే పొలిమేర. పక్క గుంపు ఆ పొలిమేరకు వస్తే ఏ జాతి పిట్ట ఆ జాతి పిట్టతో తగువుకు దిగుతుంది. తెల్లవారుజామున రచ్చబండ దగ్గర కూలీలు పోగైనట్టు రోజూ ఒకే చోటికి చేరి అక్కడి నుంచి బయల్దేరతాయి. పిలిచేది ఒక నాయక పిట్ట. కింది కొమ్మల గుంపుల్లో అది నీలిబూడిదరంగు యాంట్‌ష్రైక్, పైకొమ్మల గుంపుల్లో తెల్లరెక్క ష్రైక్-టానజర్. డేగ వస్తే మొదట అరిచేదీ అదే. మిగతావి ఆ అరుపును నమ్ముకుని తలెత్తకుండా పురుగులు వెతుక్కుంటాయి.

మన్ 1986లో ఇంకో విషయం బయటపెట్టాడు. ఈ కావలి పిట్టలు ఒక్కోసారి డేగ లేకుండానే హెచ్చరిక అరుపు అరుస్తాయి. ఒకే పురుగు వెనక తనూ ఇంకో పిట్టా పడినప్పుడు అలా అరిస్తే, అవతలిది ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో పురుగు కావలి పిట్ట నోట్లో ఉంటుంది. మిగతా పిట్టలు ఈ మోసాన్ని ఎందుకు భరిస్తాయంటే, నిజంగా డేగ వచ్చినప్పుడు అరుపును పట్టించుకోకపోతే ప్రాణమే పోతుంది. అబద్ధపు అరుపుకు జడిస్తే పోయేది ఒక పురుగే. నాకు ఇది అద్భుతంగా అనిపిస్తుంది. పుస్తకంలో చదివినప్పటి కంటే, ఆ అరుపు విని మొత్తం గుంపు ఒక్కసారిగా కదలిక మానేయడం కళ్ళారా చూసినప్పుడు పదింతలు.

సరే, అందరూ ఎదురుచూసేది తుంకి గురించి. ఆండియన్ కాక్-ఆఫ్-ద-రాక్, పెరూ జాతీయ పక్షి. నిప్పురంగు ఒళ్ళు, నల్ల రెక్కలు, ముక్కు కనబడకుండా తల మీంచి ముందుకు వచ్చిన గుండ్రటి జుట్టు. సాన్ పెద్రో దగ్గర రోడ్డు పక్కనే వాటి ఆటస్థలం ఉంది. మగవి తెల్లవారుజామున చేరి, ఎదురెదురు కొమ్మల మీద జంటలుగా నిలబడి వంగుతాయి, రెక్కలు కొడతాయి, ముక్కు టపటపలాడిస్తాయి, గొంతులోంచి గురగురమంటాయి. ఒక ముదురు గోధుమరంగు ఆడపిట్ట వచ్చి కొమ్మ మీద వాలిందంటే ఆ గోల రెట్టింపవుతుంది. అది కాసేపు చూసి వెళ్ళిపోతుంది కూడా. గూడు కట్టేది, పిల్లల్ని సాకేది అంతా ఆడదే. వాగు పక్క రాతిగోడకు మట్టి, ఉమ్మి కలిపి అతికించి రెండు గుడ్లు పెడుతుంది. మగదానికి ఆ గూటితో సంబంధమే ఉండదు. దయచేసి అక్కడ ఫ్లాష్ వాడకండి, గట్టిగా మాట్లాడకండి. చీకటి ఉండగానే చేరుకుని, అవి వెళ్ళాకే కదలండి.

అదే రోడ్డు మీద సాయంత్రం కూడా నిలబడండి. చీకటి పడే వేళకి రాత్రిపూట తిరిగే వీణతోక నైట్‌జార్ బయటికి వస్తుంది. మగదాని తోక దాని ఒంటి కంటే చాలా పొడవు. రాతి చరియల ముందు అటూ ఇటూ ఎగురుతుంటే ఆ తోక ఒక లయలో వెనకాల వస్తుంది.

కళ్ళతో చూసేవాటి గురించి చాలా చెప్పాను. అక్కడ చెవి లేనిదే సగం పిట్టలు లేనట్టే. యాంట్‌పిట్టా అని నేల మీద వెదురు పొదల్లో గెంతే పిట్టలున్నాయి. గుండ్రంగా, తోక దాదాపు లేకుండా, పొడవు కాళ్ళతో ఉంటాయి. రోజంతా వినిపిస్తాయి, కనిపించవు. రూఫస్ యాంట్‌పిట్టా అని ఒకే జాతిగా అనుకున్నదాన్ని 2020లో ఎన్నో జాతులుగా విడగొట్టారు. అందుకు ఆధారాల్లో ముఖ్యమైనవి కూతల్లోని తేడాలు. రంగు చూసి పోల్చుకోవడం నిపుణులకే కష్టం, కూత వింటే తేలిపోతుంది.

ఈ విద్యలో అందరూ తలుచుకునే పేరు టెడ్ పార్కర్. అమెరికా వాడు. వేల పక్షి జాతుల్ని గొంతు విని గుర్తుపట్టేవాడని చెబుతారు. టేప్ రికార్డరు భుజాన వేసుకుని అడవులు తిరిగాడు. ఆ రికార్డింగులు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని మకాలే లైబ్రరీలో ఇప్పటికీ వినొచ్చు. 1993లో ఈక్వడార్‌లో అడవుల సర్వే చేస్తుండగా విమానం కూలి, వృక్షశాస్త్రవేత్త ఆల్విన్ జెంట్రీతో పాటు చనిపోయాడు. వయసు 40. మీరు బయల్దేరే ముందు కొన్ని నెలలు రోజూ కాసేపు ఆ కూతలు వినండి. జెనో-కాంటో వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ సాయం చేస్తుంది కానీ వాగు హోరులో, పది గొంతులు కలిసినచోట దాని మాటను మీ చెవితో సరిచూసుకోవాలి.

[ఇక్కడ వక్త స్క్రీమింగ్ పీహా కూతను సభకు వినిపించారు.]

విన్నారా? ఇది ఒక్క పిట్ట గొంతు. పావురం కంటే చిన్నది, బూడిదరంగు. పల్లపు అడవిలో పగలంతా ఈ ఈల వినిపిస్తుంది. ఇది వినిపించిందంటే కొండ దిగిపోయామన్నమాట.

పల్లంలోకి వెళ్దాం. అతలాయాలో పడవెక్కి మాద్రె దె దియోస్ నది ఎగువ పాయ వెంట కిందికి సాగుతాం. నది పాత మలుపులు తెగిపోయి కొలనులవుతాయి. అక్కడ వాటిని కోచాలంటారు. వాటి అంచున హోట్జిన్ ఉంటుంది. కోడంత పక్షి, చెదిరిన జుట్టు, ఎర్రటి కళ్ళు, కళ్ళ చుట్టూ నీలం. తినేది ఎక్కువగా ఆకులే. ఆవు కడుపులో మేత పులిసినట్టే దీని పెద్ద గొంతుసంచిలో సూక్ష్మజీవులు ఆకుల్ని పులియబెడతాయి. పిల్లల రెక్కలకు రెండేసి గోళ్ళుంటాయి. ఆపద వస్తే గూటిలోంచి నీళ్ళలోకి దూకి, ఈది, ఆ గోళ్ళతో కొమ్మలు పట్టుకుని మళ్ళీ పైకి ఎక్కుతాయి.

నది గట్ల మీద కొల్పాలుంటాయి. మకావ్‌లు, చిలుకలు వందలుగా వచ్చి బంకమట్టి తినే చోట్లు. ఎందుకు తింటాయన్నదాని మీద రెండు వాదాలున్నాయి. కాయల్లోని విషాన్ని మట్టి పట్టేసుకుంటుందని ఒకటి. ఉప్పు కోసమని రెండోది. సముద్రానికి బాగా దూరంగా ఉన్న పడమటి అమెజాన్‌లోనే ఇలాంటి గట్లు ఎక్కువ. అక్కడి వానలో, మొక్కల్లో సోడియం తక్కువ. పెరూలోనే తాంబోపాతా అనే చోట జరిగిన పరిశోధనలు ఉప్పు వైపే మొగ్గాయి. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక దండుచీమలు. అడవి నేల మీద చీమల దండు పరుచుకుని కదులుతుంటే దాని ముందు పురుగులన్నీ ప్రాణభయంతో బయటికి దూకుతాయి. యాంట్‌బర్డ్‌లు వాటి కోసం దండు ముందు కాచుకుంటాయి. చీమల్ని తినవు, చీమలు లేపిన పురుగుల్ని తింటాయి. సన్న కాండాల్ని అడ్డంగా పట్టుకుని నేలకు అడుగు ఎత్తులో వేలాడుతూ ఉంటాయి. నేల మీద వరసగా పురుగుల పరుగు, దాని పైన ఈకల మెరుపు. నేల వణుకుతున్నట్టు చిటపట వినిపించినా, యాంట్‌బర్డ్ గొంతులు ఒకేచోట పోగైనా, ప్యాంటు బూట్లలోకి దోపుకుని అక్కడే ఉండండి.

ఇప్పుడు నాకు మనసుకు కష్టంగా ఉండే మాట. మాద్రె దె దియోస్ దిగువన బంగారం తవ్వకాలు అడవిని తినేశాయి. నది ఒండ్రు మట్టిలో బంగారం రేణువులుగా ఉంటుంది. దాన్ని పట్టడానికి పాదరసం కలుపుతారు, ఆ పాదరసం నీళ్ళలోకి, చేపల్లోకి, తినే మనుషుల్లోకి చేరుతుంది. ప్వెర్తో మాల్దొనాదో అనే ఊరి వైపు రోడ్డున వెళ్తే పచ్చటి అడవి మధ్య ఇసుక ఎడారి, నీళ్ళు నిలిచిన గుంటలు కనిపిస్తాయి. 2019లో ప్రభుత్వం లా పంపా అనే చోట సైన్యాన్ని దించి వేలమందిని ఖాళీ చేయించింది. తవ్వకం చెదిరి వేరే చోట్లకు పాకింది. మనం కొనే బంగారానికీ దీనికీ సంబంధం లేదని చెప్పలేను.

అదే నదుల ఒడ్డున బయటి ప్రపంచంతో సంబంధం వద్దనుకుని బతికే మాష్కో పీరో ప్రజలున్నారు. మన జలుబు కూడా వాళ్ళకు ప్రాణాంతకం కావచ్చు. లోపలి నదికి సొంతంగా వెళ్ళనివ్వని నియమం మంచిదన్నాను కదా. పిట్ట కోసమైనా సరే ఆ గీత దాటకండి.

ఇంకోటి. అతలాయాకి దిగువన పాంతియకోయా అనే కొండ ఉంది. 1985లో పరిశోధకులు అడుగు నుంచి శిఖరం దాకా ఎక్కి, ఏ ఎత్తులో ఏ పిట్ట ఉందో నమోదు చేశారు. 2017లో మళ్ళీ అదే కొండెక్కి చూస్తే చాలా జాతులు పైకి జరిగాయి. శిఖరం దగ్గర ఉండేవాటికి జరగడానికి చోటు లేదు. అప్పట్లో మామూలుగా కనిపించిన కొన్ని అసలు దొరకలేదు. వేడి పెరుగుతుంటే కొండమీది పట్టీలు ఇలా జరుగుతున్నాయి. ఈ సంగతి తెలిసిందంటే కారణం 1985 నాటి ఆ పట్టిక. అందుకే మీరు నడిచిన ప్రతి ముక్కకీ ఎత్తు, టైము రాసి, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్లో వేయండి. ‘మను రోడ్’ అని ఒకే లిస్టు పెడితే పైనా కిందా పిట్టలన్నీ కలిసిపోతాయి, ఎవరికీ ఉపయోగపడదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

[సభలో ఒకరు: స్పీకర్లో కూత వినిపించి పిట్టను పిలవొచ్చా సార్?]

ఒకటి రెండుసార్లు, తక్కువ శబ్దంతో, గూళ్ళు లేనిచోట అయితే కొందరు చేస్తారు. ఆ రోడ్డు మీద రోజూ గుంపులు వస్తుంటాయి. వచ్చిన ప్రతివాళ్ళూ అదే మలుపులో అదే యాంట్‌పిట్టాకు వినిపిస్తే, దానికి తిండి మానేసి లేని శత్రువుతో పోట్లాడటమే పనవుతుంది. నేను వాడను. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటే అదే అరుస్తుంది.

[మరొకరు: స్పానిష్ రాకుండా వెళ్ళగలమా అండీ? గైడు వద్దంటారా?]

కొద్దిగా నేర్చుకోండమ్మా. అంకెలు, దారి, తిండి, ధర అడగడం వస్తే బస్సులో గడిచిపోతుంది. గైడు వద్దని నేననలేదు. పిల్కోపాతా వైపు పిట్టలు బాగా తెలిసిన స్థానిక కుర్రాళ్ళున్నారు. రెండు మూడు రోజులు ఒకర్ని మాట్లాడుకుని, నిలబడాల్సిన చోట్లు చూపించుకుని, ఆ తరవాత మీరే తిరగండి. బేరం మరీ ఆడకండి. అడవి నిలబడితే ఆదాయం ఉంటుందని వాళ్ళకు తెలియాలంటే ఆ డబ్బు వాళ్ళ చేతికే చేరాలి.

[ఇంకొకరు: అంత దూరం వెళ్ళే ముందు ఇక్కడ సాధన ఎక్కడ చేయాలి?]

మంచి ప్రశ్న. మారేడుమిల్లికి వెళ్ళండి, లేదా అనంతగిరి, అరకు వైపు. చలికాలంలో తూర్పు కనుమల్లో కూడా కలగలుపు గుంపులు తిరుగుతాయి. తోక నుంచి రెండు పొడవాటి ఈకలు వేలాడే పెద్ద పోలిగాడిని చూశారు కదా, రాకెట్ టెయిల్డ్ డ్రాంగో. గుంపుల్లో అది తిరుగుతూ ఉంటుంది, వేరే పిట్టల గొంతులు కూడా అనుకరిస్తుంది. దాని అరుపు వినగానే ఆగండి. ఎర్ర మినివెట్లు పైన, నట్‌హాచ్ బెరడు మీద, నల్లమెడ మోనార్క్ కింది కొమ్మల్లో ఉంటాయి. ముందు ఏది వచ్చింది, ఎంత ఎత్తులో తిన్నది, ఎవరు అరిస్తే ఎవరు ఆగారు, ఇవి రాసుకోండి. బైనాక్యులర్స్ దించి ఐదు నిమిషాలు చెవులతోనే లెక్కపెట్టి, తరవాత చూసి సరిచేసుకోండి. ఒక శీతాకాలం ఇలా చేస్తే మను రోడ్డు మీద మొదటి గుంపు ఎదురైనప్పుడు ఎటు తిరగాలో మీకు తెలుస్తుంది.